లారీ దారిలోనే ఉంది

అక్టోబరు 29, బుధవారం

ఇది రాయాల్సి రావడానికి కారణం ఒక్కటే. ఎవరికి ఏ అబద్ధం చెప్పానో నాకే గుర్తుండటం లేదు. అమ్మకి మా సామాను లారీ దారిలో వయోమింగు దగ్గర మంచులో ఆగిపోయిందని చెప్పాను. పెదనాన్నకి ఇంజను చెడిపోయిందని చెప్పాను. ఈ పొద్దున పెదనాన్న ఫోన్ చేసి "బండి బాగైందా?" అన్నాడు. అమ్మ పక్కనే కూర్చుని ఉంది. "మంచు తగ్గాక" అన్నాను.

"మంచుకీ ఇంజనుకీ ఏమిటే సంబంధం?"

అమ్మ నా వైపు చూసింది. "చలికి ఇంజను పట్టేసింది పెదనాన్నా" అన్నాను. రెండు అబద్ధాలూ అలా అతుక్కున్నాయి. అంత తేలిగ్గా అతికించగలిగినందుకు ఒక్క క్షణం సంతోషం కూడా కలిగింది.

అందుకని రాసిపెట్టుకుంటున్నాను. ఈ నోటుపుస్తకం ఆసుపత్రి రికార్డుల విభాగంలో చేరిన రోజు ఇచ్చారు. అమ్మకి చదవడం రాదు కనుక బల్ల మీద వదిలేసినా భయం లేదు. ఈ వాక్యం రాశాక సిగ్గేసింది. కొట్టెయ్యను, ఉండనీ.

ఫ్రెస్నోలో, పాత ఇంటి దగ్గర, సామాను ఎక్కించింది పద్దెనిమిదిన. నా కొత్త ఉద్యోగం కోసం మేం ఈ ఊరు, సెయింట్ పాల్, చేరింది ఇరవై రెండున. లారీ ఇరవై అయిదుకల్లా వస్తుందన్నారు.

అక్టోబరు 30

ఎక్కించిన రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

ఎనిమిదింటికి రావలసినవాళ్ళు మధ్యాహ్నం రెండింటికి వచ్చారు. వచ్చింది అద్దె లారీ. తలుపు మీద కంపెనీ పేరు లేదు. ప్రభుత్వం ఇచ్చే నంబరు ఒక కాగితం మీద ముద్రించి టేపుతో అంటించారు. నేను ఆ టేపుని చూశాను. చూసి, వాళ్ళ సొంత బండి రిపేరులో ఉండి ఉంటుందని, వాళ్ళు చెప్పకముందే నాకు నేనే చెప్పుకున్నాను.

అంతా ఎక్కించేశాక వాళ్ళలో పెద్దతను అట్ట పలక మీద కాగితాలు పెట్టి ఇచ్చాడు. బరువు గడి ఖాళీ. ధర గడి ఖాళీ. "ఇవి తూకం వేశాక నింపుతాం. మీరు కింద సంతకం పెట్టండి చాలు" అన్నాడు. అమ్మ, నాయనమ్మ, మేనత్త అందరూ వరండాలో నిలబడి నన్నే చూస్తున్నారు. ఇంట్లో ఏ కాగితం వచ్చినా చదివేది నేనే. కరెంటు బిల్లు, కోర్టు నోటీసు, నాన్న చనిపోయినప్పటి కాగితం, అన్నీ. వాళ్ళ ఎదుట ఆగి "నాకు అర్థం కాలేదు" అనాలంటే నోరు రాలేదు. తల ఆడిస్తూ పేజీలు తిప్పాను, చదువుతున్నట్టు. సంతకం పెట్టాను.

అయిదేళ్ళపాటు ప్రతి శనివారం ఫ్రెస్నోలో, లావోస్ కొండల నుంచి వచ్చిన మా హ్మాంగ్‌వాళ్ళ సంఘం హాల్లో, పెద్దవాళ్ళకి నేను చెప్పిన మొదటి పాఠం ఏమిటి? చదవని కాగితం మీద సంతకం పెట్టకండి. అందరి చేతా కోరస్‌గా అనిపించేదాన్ని. వెనక బెంచీ ముసలమ్మ ఒకావిడ "మాకు సంతకమే రాదు కదమ్మా, ఇంకెవడు మోసం చేస్తాడు?" అని అందర్నీ నవ్వించింది. నేనూ నవ్వాను.

నవంబరు 1

కంపెనీవాళ్ళు ఫోన్ ఎత్తలేదు. పదకొండు సార్లు చేశాను.

నవంబరు 3, సోమవారం

ఎత్తాడు. బ్రాడ్. సెప్టెంబరు నుంచీ కంపెనీ తరఫున నాతో మాట్లాడుతున్నది ఇతనే. మంచి గొంతు, నాయనమ్మ ఆరోగ్యం కూడా అడిగేవాడు.

"మేడమ్! ఎలా ఉన్నారు? చలి ఎలా ఉంది అక్కడ?"

"మా సామాను ఎక్కడుంది?"

"దారిలోనే ఉంది. కాకపోతే చిన్న ఇబ్బంది. మీరు చెప్పినదానికన్నా సామాను చాలా ఎక్కువుంది. ఇంకో నాలుగున్నర వేల డాలర్లు పంపితే రేపే కదులుతుంది."

"మీరు వచ్చి చూడకుండా ఫోన్లోనే ధర చెప్పారు కదా. నేను ప్రతి పెట్టె గురించీ చెప్పాను."

"సంతకం మీదే కదా మేడమ్?"

కాగితం ఫోటో పంపాడు. ఖాళీ గడులన్నీ నిండి ఉన్నాయి. కింద నా పేరు, నేను అభ్యాసం చేసి నేర్చుకున్న పొడుగాటి అక్షరాల్లో.

మొదటి జీతం ఇంకా రాలేదు. ఉన్న పదిహేను వందలు ఫోన్లోనే పంపాను, మిగతాది తర్వాత ఇస్తానని. పెట్టేసేముందు నేను అతనికి థాంక్యూ చెప్పాను. దీన్ని ఎన్నిసార్లు తలుచుకుంటున్నానో.

నవంబరు 5

ఈ ఊళ్ళోనే ఉండే పెద్దమ్మ, అంటే అమ్మ వాళ్ళ అక్క, పెదనాన్న వచ్చారు. అంటుబియ్యం, ఉడికించిన పంది మాంసం, మిరపకాయ పచ్చడి తెచ్చారు. కూర్చోడానికి కుర్చీల్లేవు, నేల మీదే వార్తాకాగితాలు పరిచి తిన్నాం. నాయనమ్మ పెదనాన్న ఇచ్చిన పరుపు మీద పడుకునే ఉంది, రెండు ముద్దలు తింది.

"నీ కూతురు గట్టిదే" అన్నాడు పెదనాన్న అమ్మతో. "మనవాళ్ళు ఇల్లు మారాలంటే ఇరవై మంది అన్నదమ్ముల కొడుకుల్ని పిలవాలి, పందిని కొయ్యాలి, వారం రోజులు నడుం పట్టుకుని తిరగాలి. ఇది చూడు, ఒక్క ఫోన్!"

"ఇంకా రాలేదుగా" అంది అమ్మ.

"వస్తుందిలే" అని నా వైపు తిరిగాడు. "పా కూ, వచ్చే ఆదివారం మావాళ్ళంతా కలుస్తున్నారు. ఇంకో మూడు కుటుంబాలు ఫ్రెస్నో నుంచి వచ్చేస్తున్నాయి. కంపెనీని ఎలా మాట్లాడుకోవాలో నువ్వు పది నిమిషాలు చెప్పాలి."

సరే అన్నాను.

సరే అని ఎందుకన్నానో తెలీదు. లారీ శనివారంకల్లా వచ్చేస్తే నిజంగానే చెప్పొచ్చు కదా అనుకున్నాను. డబ్బు పంపాను కదా.

మేనత్త నాకు చెప్పింది, ఆగస్టులోనే. ఆవిడ కొడుకులు ముగ్గురికీ లారీలున్నాయి, కూరగాయలు తోలతారు. "మావాళ్ళు పట్టుకెళ్తారే పిల్లా. ఒక పందిని కోసిపెడితే ఇంటి గోడలు కూడా ఎత్తుకొచ్చి దించుతారు. నీ కంపెనీవాళ్ళకి ఏం కోసి పెడతావు?" అంది. "వాళ్ళకి అవన్నీ అక్కర్లేదత్తా, వాళ్ళది పద్ధతి ప్రకారం ఉంటుంది" అన్నాను. పద్ధతి ప్రకారం. బావలు ముల్లంగి మట్టి అంటిన లారీల్లో మా సామాను తెచ్చి, కొత్త ఊళ్ళో, నా కొత్త ఉద్యోగం వాళ్ళ వీధిలో దించడం నాకు ఇష్టంలేకపోయింది. ఇది ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

నవంబరు 8, శనివారం

నాయనమ్మ ఆసుపత్రిలో. ఊపిరి ఆడలేదు. గుండె చుట్టూ నీరు చేరిందన్నారు.

డాక్టరు నన్ను పక్కకి పిలిచి వారాలే అన్నాడు, నెలలు కాదు. నేను అమ్మకి "కొన్నాళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలిట" అని చెప్పాను. ఇది అబద్ధాల పద్దులో రాయను. మాలో పెద్దవాళ్ళ గురించి అలాగే చెప్తారు.

నడవాలో అమ్మ అడిగింది. నన్ను చూడకుండా, కిటికీ వైపు చూస్తూ.

"ఆ ఆకుపచ్చ సూట్‌కేసు నీ కారులోనే ఉందిగా?"

"ఉంది."

"పైకి ఎందుకు తేలేదు?"

"ఇల్లు ఖాళీగా ఉంది కదా. సామాను వచ్చాక సర్దుదామని."

కారులో లేదు. లారీలో ఉంది.

నవంబరు 9, ఆదివారం

పెదనాన్నవాళ్ళ సమావేశానికి నాయనమ్మ పేరు చెప్పి తప్పించుకున్నాను. ఆవిడ జబ్బు నాకు సాకుగా పనికొచ్చింది.

సూట్‌కేసు గురించి రాయాలి. అందులో ఏముందో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పేరు పెట్టి అనరు. నాయనమ్మ వెళ్ళేటప్పుడు వేసుకోవలసిన నార బట్టలు. పావడా, చొక్కా, తలపాగా, నడికట్టు, నారతో అల్లిన చెప్పులు. గుండీ లేదు, జిప్పు లేదు, ఇనుప ముక్క అనేది ఒక్కటీ లేదు. మేనత్త లావోస్ నుంచి నార తెప్పించి మూడేళ్ళు కూర్చుని కుట్టింది. బతికున్న మనిషి చావుబట్టల్ని పేరు పెట్టి అంటే చావుని కేకేసినట్టు. అందుకే "ఆ సూట్‌కేసు" అంటాం అంతే.

అమ్మ, నాయనమ్మ విమానంలో వచ్చారు. విమానంలో పెడితే తెరిచి చూస్తారని అమ్మ దాన్ని నాకిచ్చింది. "కారులో పెట్టుకో. నీ పక్కన పెట్టుకో. నా మాట విను" అంది. మూడుసార్లు చెప్పింది.

కారులో చోటు లేకపోయింది.

కాదు. కారులో చోటు ఉంది. వెనక సీటులో నా కంప్యూటర్ ఉంది, పాఠ్యపుస్తకాల పెట్టెలు నాలుగున్నాయి. ముందు సీటులో, నా పక్కన, దుప్పటి చుట్టి, సీటు బెల్టు పెట్టి, ఫ్రేము కట్టించిన నా డిగ్రీ పట్టా ఉంది. పగులుతుందని భయం. సూట్‌కేసుని లారీవాళ్ళకి అందించింది నేనే. "ఇందులో ఏముంది?" అన్నాడతను, సామాను పట్టీ రాస్తూ. నా నోటికి ఆ మాట రాలేదు. "పాత బట్టలు" అన్నాను. అలాగే రాసుకున్నాడు.

పట్టా క్షేమంగా చేరింది. గోడకి మేకు లేక నేల మీద ఆనించి ఉంది.

నవంబరు 11

నాయనమ్మ ఒక్కత్తే ఆ మాట పేరు పెట్టి అనగలదు. ఆవిడదే కదా. పొద్దున అమ్మ కాఫీకి వెళ్ళినప్పుడు నా మణికట్టు పట్టుకుంది.

"నా చెప్పులు వచ్చాయా?"

"దారిలో ఉన్నాయి నాయనమ్మా."

"చూసి చెప్పు. పూర్వీకుల దగ్గరికి పోవాలంటే గొంగళి పురుగుల కొండ ఎక్కాలి. వట్టికాళ్ళతో నడవమంటావా నన్ను?"

"వస్తున్నాయి."

"అయితే ఆగుతాలే" అంది. కళ్ళు మూసుకుంది. వచ్చే బస్సు కోసం ఆగుతానన్నట్టు అంది.

నవంబరు 12

ఇక్కడి హ్మాంగ్ మార్కెట్టుకి వెళ్ళాను. అలాంటి బట్టలు అమ్ముతారు. మిషను మీద కుట్టినవి, నూలు కలిపినవి. దుకాణం ఆవిడ మెల్లగా "ఎవరికమ్మా?" అంది. చేత్తో తడిమి చూశాను. నాయనమ్మ కళ్ళు కనబడకపోయినా వేలి చివరతో చెప్పేస్తుంది, ఇవి తన కూతురు కుట్టినవి కావని. మా పూర్వీకులు కూడా గుర్తుపట్టరంటారు. నేను ఇవన్నీ నమ్ముతానో లేదో నాకు తెలీదు. దుకాణం బయట నిలబడి ఏడ్చాను, కాబట్టి నమ్ముతాననుకుంటా.

నవంబరు 13, గురువారం

మొదటి రోజే చెయ్యవలసిన పని ఈ రోజు చేశాను. సామాను కంపెనీల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ కార్యాలయానికి ఫోన్ చేశాను. ఆవిడ పేరు మిస్ ఒడెట్. ఓపిగ్గా అడిగింది.

"తలుపు మీద నంబరు చెప్పమ్మా."

చెప్పాను. టైపు చేసింది. "ఇది జూలైలోనే రద్దయింది. బ్రాడ్ అనే అతనికి అసలు లారీలే లేవు. బేరం కుదుర్చుకుని ఇంకొకళ్ళకి అమ్ముతాడు. ఎక్కించింది ఆ ఇంకొకళ్ళు. సంతకానికి ముందు నీకు ఒక పుస్తకం ఇచ్చి ఉండాలే, హక్కుల గురించి?"

"ఇవ్వలేదండీ" అన్నాను. తర్వాత మెయిలు వెతికాను. సెప్టెంబరు 19న పంపారు. "చదివాను" అన్న గడిలో టిక్కు పెట్టి ఉంది. పెట్టింది నేనే. ఇప్పుడు చదివాను. ముందు చెప్పిన అంచనా మీద ఇంకో పదోవంతుని మించి చేతిలో పెడితేగాని సామాను దించం అనడానికి వీల్లేదట. ఇంటికి వచ్చి చూడకుండా చెప్పిన ధరని నమ్మొద్దట. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దట. నా శనివారం పాఠమే, ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో.

మళ్ళీ ఫోన్ చేసి, పుస్తకం వచ్చిందనీ నేనే చదవలేదనీ మిస్ ఒడెట్‌కి చెప్పాను. ఈ మధ్య నేను ఒకరికి చెప్పిన మొదటి నిజం ఇదే. "చాలామంది చదవరమ్మా" అంది. ఆ చాలామందిలో నేను లేననుకునేదాన్ని.

నవంబరు 14

లారీ వయోమింగు రాలేదు. నెబ్రాస్కా రాలేదు. ఎక్కడికీ రాలేదు. సామాను స్టాక్టన్‌లో ఒక గోదాములో ఉంది. ఫ్రెస్నో నుంచి రెండు గంటల దారి.

మిస్ ఒడెట్ గట్టిగా అడిగేసరికి లొంగారు. ముందు చెప్పిన ధర మీద పదోవంతు కలిపి, నేను పంపిన పదిహేను వందలు తీసేసి, మిగిలింది ఇస్తే గోదాము దగ్గరే అప్పగిస్తారట. ఇక్కడికి తెచ్చేది లేదు. ఇరవై రెండు శనివారం లోపు మనిషి వచ్చి తీసుకోవాలి. తర్వాత గోదాము ఖాళీ చేస్తున్నారు, సామాను ఎటు పోతుందో తన చేతిలో ఉండదంది.

గోదాము ఆవిడతో కూడా మాట్లాడాను.

"ఆకుపచ్చ సూట్‌కేసు ఒకటి ఉండాలండీ. ఉందేమో చూస్తారా?"

"పట్టీలో ఏమని ఉంది?"

"పాత బట్టలు."

"పాత బట్టలు కొన్ని మొన్న చెత్తలో వేశారమ్మా, పైకప్పు కారి తడిసిపోయాయి. నీవో కాదో తెలీదు. పాత బట్టల కోసమా ఇంత గొడవ?"

అప్పుడు చెప్పాను. మొదటిసారి, ముక్కూ మొహం తెలియని మనిషికి, ఇంగ్లీషులో. మా నాయనమ్మ పోయేటప్పుడు వేసుకోవలసిన బట్టలండీ అని. "వచ్చి మీరే చూసుకోండి తల్లీ. నన్ను వెతకనివ్వరు" అంది.

నవంబరు 15, శనివారం

అమ్మకి చెప్పాను. అన్నీ. మంచు, ఇంజను, కారు, పట్టా.

నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒలవడం ఆపలేదు.

"నాకు ఒక్క కాగితం చదవడం రాదు" అంది చివరికి. "అందుకే ముఖ్యమైంది ఏదైనా చేత్తో పట్టుకునేదాన్ని. లావోస్ నుంచి పారిపోయి నది దాటినప్పుడు నువ్వింకా పుట్టలేదు. నీ అన్నని వీపున కట్టుకుని, ఈ చేత్తో మీ నాయనమ్మని పట్టుకున్నాను. ఎవరి చేతికీ ఇవ్వలేదు."

"అమ్మా, తప్పయింది."

"నాకెందుకు చెప్తావు? కుట్టింది నేనా?"

"అత్తకి నువ్వు చెప్తావా?"

"చెప్పను."

కాయలు గిన్నెలో పోసి లేచింది. వంటింటి గుమ్మంలో ఆగి "ఆ పట్టా గోడకి పెట్టు. నేల మీద కాలు తగుల్తోంది" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

నవంబరు 16, ఆదివారం

ఫోన్లో నా గొంతు రికార్డు చేసి అత్తకి పంపుదామని మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ ఏడుపు ముందొచ్చి, నేను జాలి పడమంటున్నట్టు వినబడింది. చెరిపేశాను. రాసి పంపుతాను. అత్తకి చదవడం రాదు, కూతురు షెంగ్ చదివి వినిపిస్తుంది, పక్కన బావలు కూడా ఉంటారు. ఉండనీ. పంపబోయేది ఇక్కడ రాసుకుంటున్నాను.

అత్తా,

షెంగ్, నువ్వు ఒక్క మాట కూడా తగ్గించకుండా చదువు.

అత్తా, నువ్వు కుట్టిన నాయనమ్మ బట్టలు నా దగ్గర లేవు. అమ్మ నా చేతికిచ్చింది, నా పక్కన పెట్టుకోమంది. నేను నా పట్టాని పక్కన పెట్టుకుని వాటిని లారీవాళ్ళకి ఇచ్చాను. లారీ దారిలో ఉందని మూడు వారాలుగా అందరికీ చెప్తున్నాను. అది కదలనే లేదు. సామాను స్టాక్టన్‌లో ఉంది. అడ్రసు, ఇవ్వవలసిన సొమ్ము, అడగవలసిన మనిషి పేరు షెంగ్ ఫోన్‌కి వేరే పంపాను. సొమ్ము నేను పంపుతాను, జీతం వచ్చింది.

బావల లారీలు వద్దన్నది పద్ధతి గురించి కాదు. సిగ్గుపడ్డాను, అందుకని. బావలూ, మీరు వింటున్నారని తెలిసే చెప్తున్నాను.

నాయనమ్మకి ఇక వారాలు కూడా లేవు, రోజులేనని డాక్టరు నిన్న చెప్పాడు. చెప్పుల కోసం ఆగుతానంటోంది. నేనే బయల్దేరి వద్దామని టికెట్టు కూడా చూశాను. కానీ ఇక్కడ డాక్టర్ల ఇంగ్లీషు అమ్మకి విడమర్చి చెప్పేవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు. పైగా వెయ్యి సూట్‌కేసుల్లో నీ కుట్టుని చేత్తో గుర్తుపట్టగలిగేది నువ్వొక్కదానివే. బావలు నిన్ను తీసుకుని ఈ శనివారం, ఇరవై రెండున, గోదాముకి వెళ్ళగలరా? మంచాలు, కుర్చీలు ఏవీ తేవద్దు, ఎవరికైనా ఇచ్చెయ్యండి. సూట్‌కేసు దొరికితే అదొక్కటే చాలు, ఆ రోజే విమానంలో నీ ఒళ్ళో పెట్టుకుని రా. టికెట్టు నేను తీస్తాను.

తడిసి పారేశారేమో కూడా. అలా అయితే నేను ఇంకొకటి అడగాలి. నీ కోసం నువ్వు కుట్టుకున్న జత నీ మంచం కింద ఉందని నాకు తెలుసు. అడగకూడదని కూడా తెలుసు. నాయనమ్మకి ఇస్తావా? నీ జత మళ్ళీ తయారయ్యేదాకా నార నేను తెప్పిస్తాను, సూదిలోకి దారం ఎక్కిస్తాను, నువ్వు నేర్పిస్తే నేను కుడతాను. నాకు కుట్టడం రాదు. చదువుందిగా, కుట్టు ఎందుకని ఎప్పుడూ కూర్చోలేదు.

ఇవ్వననే హక్కు నీకుంది. ఏ మాటా చెప్పకుండా మాత్రం ఉండకు. శనివారం బావల లారీ గోదాముకి కదలాలంటే ముందు నేను గోదామువాళ్ళకి వచ్చేవాళ్ళ పేర్లు రాసి పంపాలి. గురువారం, నవంబరు ఇరవై, సాయంత్రం లోపు అవునో కాదో చెప్పు. నువ్వు ఫోన్ చేసి తిట్టినా సరే, షెంగ్ చేత ఒక్క ముక్క రాయించినా సరే.

నీ మేనకోడలు
పా కూ